మిల్లు ఆగినప్పుడు

ఏలూరులో చెవుల డాక్టరు గారి దగ్గర ఒక గది ఉంది. గది అంటే గది కూడా కాదు, బీరువా కన్నా కాస్త పెద్దది. గోడలకి లోపలివైపు నల్లటి స్పాంజి అంటించి ఉంటుంది. మొన్న నన్ను అందులో కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, "మేడమ్, ఎంత చిన్న చప్పుడు వినిపించినా వేలెత్తండి. వినిపించకపోతే ఊరుకోండి" అని చెప్పి తలుపు వేసేసింది. తలుపు పడిందో లేదో రోడ్డు మీది ఆటోలు, వరండాలో పేషెంట్ల కబుర్లు, నెత్తిమీద ఫ్యాను, అన్నీ ఒక్కసారిగా పోయాయి. నాకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపిస్తుంటే వేలెత్తాను. మళ్ళీ ఎత్తాను. ఎత్తుతూనే ఉన్నాను. ఆ అమ్మాయి తలుపు తీసి, "మేడమ్, నేనింకా మొదలే పెట్టలేదండీ" అంది. తలుపు తెరిచి ఉంచి చెయ్యకూడదా అమ్మా అని అడిగాను. ముప్పై ఏళ్ళకి పైగా పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, ఆ చిన్నపిల్లని బతిమాలుకున్నాను. ఆమె నవ్వి, "అప్పుడు అన్నీ వినిపించేస్తాయి కదండీ" అని మళ్ళీ తలుపు వేసింది.

పరీక్ష అయ్యాక డాక్టరు గారు కాగితం మీద గీతలు చూస్తూ, "చిన్నప్పుడు బాగా చప్పుడుండే చోట పెరిగారా అండీ?" అని అడిగారు. రైసు మిల్లులో పుట్టానండీ అన్నాను. పెద్దావిడ సరదాగా అంటోందనుకుని నవ్వారు. నేను సరదాకి అనలేదు. ఆ బీరువాలో నాకు వేసిన భయం కొత్తది కాదు. చాలా ఏళ్ళుగా తెలిసినది. అది మొదట ఎక్కడ తగులుకుందో నాకు బాగా తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

తాడేపల్లిగూడెంలో పెంటపాడు వెళ్ళే రోడ్డు పక్కన మా మిల్లు ఉండేది. మా మిల్లు అంటే మాది కాదు, షావుకారు గారిది. మా నాన్న అబ్రహాం అందులో డ్రైవరు. మిల్లు నడిపే మనిషిని మా వైపు డ్రైవరనే అంటారు. షావుకారు గారి మేడ రోడ్డుకి ఎదురుగా ఉండేది. మిల్లు వెనక పనివాళ్ళకి పెంకుటిళ్ళ వరస. అందులో మొదటిల్లు మాది. మా వెనక గోడా మిల్లు గోడా ఒకటే. మిల్లు ఆడుతుంటే మా ఇల్లు కూడా ఆడేది. అలమరలో గిన్నెలు గలగలమనకుండా అమ్మ మధ్యమధ్యలో పాత గుడ్డలు పెట్టేది. చెంబులో నీళ్ళు ఎప్పుడు చూసినా సన్నగా వణుకుతూ ఉండేవి. ఊక దుమ్ము అన్నం మీద, దిండ్ల మీద, బైబిలు అట్ట మీద పడేది. తుడిచేది, మళ్ళీ పడేది. ఉడికిన ధాన్యం వాసన, తవుడు కమ్మదనం, బెల్టు జారకుండా వేసే గుగ్గిలం ఘాటు, ఇవన్నీ కలిస్తే మా నాన్న చొక్కా వాసన. ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా సాంబ్రాణి వేస్తే నాకు దేవుడు గుర్తుకు రాడు, మా నాన్న గుర్తొస్తారు.

ఆ చప్పుడులో బతకాలంటే అరవాలి. మేమందరం అరిచేవాళ్ళం. ఉప్పు అందుకోమన్నా అరుపే, ముద్దు చేసినా అరుపే. ఆదివారం గుడిలో అమ్మ నా చెవిలో చెప్పే రహస్యం వెనక బల్లల దాకా వినిపించేది. పాస్టరు గారు ప్రసంగం ఆపి నవ్వేవారు. బళ్ళో మా పంతులమ్మ, "రూతూ, నాకు చెముడు లేదమ్మా" అని రోజూ అనేది. నాన్న ఒక్కరే దీనికి భిన్నం. మిల్లు నోటితో పోటీ పడి లాభం లేదనుకున్నారో ఏమో, గొంతు పెంచేవారు కాదు. చేతితో చెప్పేవారు. అరచెయ్యి దోసిలి పడితే మంచినీళ్ళు. బొటనవేలు నోటి దగ్గర పెడితే అన్నం. ఇంట్లో ఉన్నప్పుడు కూడా సన్నగా, పెదవుల చివర మాట్లాడేవారు. చెవులు అప్పటికే సగం పోయాయని మాకు తెలియదు. నెమ్మదైన మనిషి అనుకునేవాళ్ళం.

మా అమ్మకి ఆ చప్పుడు చదవడం వచ్చు. పొయ్యి ముందు కూర్చుని బెండకాయలు తరుగుతూ, "బెల్టు జారుతోంది. మీ నాన్న గుగ్గిలం వేస్తారు చూడు" అనేది. కాసేపటికి ఆ వదులు చప్పుడు బిగిసేది. "వేశారు" అనేది. రాయి పడితే చెప్పేది, ధాన్యం అయిపోవస్తే చెప్పేది. నేను గోడకి చెవి ఆనించి వింటే నాకు మాత్రం ఒకటే తెలిసేది. మిల్లు ఆడుతోంది, కాబట్టి నాన్న బాగున్నారు. ఇంతకన్నా వేరే లెక్క నాకు అక్కర్లేకపోయింది. ఆ రొద వింటూ హాయిగా నిద్రపోయేదాన్ని.

మధ్యాహ్నం భోజనానికి మిల్లు ఆపే ముందు నాన్న రైలు పట్టా ముక్కని ఇనప చువ్వతో కొట్టేవారు. గంట కొట్టి ఆపితే పండగ. గంట కొట్టకుండా ఆగితే మాత్రం వేరు. వరస ఇళ్ళలోని ఆడవాళ్ళందరూ చేతిలో పని చేతిలోనే వదిలేసి గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్ళు. ఎవరూ మాట్లాడకూడదు. ముఖ్యంగా లోపలున్న మగవాళ్ళని పేరు పెట్టి పిలవకూడదు. నేను పుట్టకముందు ఒకసారి ఇలాగే ఆగితే, ఒకావిడ కంగారులో మొగుణ్ణి కేకేసిందట. పోయింది అతనేనట. అప్పటినించీ ఆ వరసలో ఇది కట్టుబాటయింది. అమ్మ తన చెయ్యి నా నోటికి అడ్డం పెట్టేది. ఉల్లిపాయ వాసన వేసే ఆ చేతి వెనక నేను ఊపిరి కూడా సరిగ్గా పీల్చేదాన్ని కాదు. అందరి కళ్ళూ షెడ్డు తలుపు మీదే ఉండేవి. చివరికి నాన్న ఆ తలుపులోకి వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి ఒకసారి దులిపేవారు. ఏం లేదు, బెల్టు ఊడిందంతే అని దానర్థం. అప్పుడు ఆడవాళ్ళకి మాట వచ్చేది. ఎవరో పిల్లాణ్ణి తిట్టేవారు, ఎవరో పొయ్యి మీద మాడిన కూర కోసం పరుగెత్తేవారు. అమ్మ చెయ్యి తీసేసేది, దాని మీద నా పళ్ళ గుర్తులుండేవి.

నిశ్శబ్దం అంటే నాకు మొట్టమొదట తెలిసింది అదీ. పుస్తకాల్లో రాస్తారే, ప్రశాంతత అనీ, మనసు తేటపడుతుందనీ, అవన్నీ నేను పెద్దయ్యాక చదువుకున్న సంగతులు. నాకు తెలిసిన నిశ్శబ్దంలో ఒక తలుపు ఉండేది. అందులోంచి ఎవరు వస్తారో, తువ్వాలు దులుపుతారో లేదో తెలియకుండా నిలబడి ఉండటమే. ఎన్నిసార్లు నిలబడ్డా ఆ భయం పాతబడేది కాదు. నాన్న తువ్వాలు దులిపాక నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చిన రోజులున్నాయి.

తరవాత షావుకారు గారు ఆయిలింజను తీసేసి కరెంటు మోటారు పెట్టించారు. గుమ్మడికాయ కొట్టారు, కొబ్బరికాయలు కొట్టారు. నాన్న ఓ పక్కన తల వంచుకుని మనసులో ప్రార్థన చేసుకున్నారు. పొగ పీడ వదిలిందని అమ్మ సంతోషించింది. కానీ మోటారుతో పాటు కొత్త సంగతి ఒకటి వచ్చింది. కరెంటు పోవడం. ఇంజనుకి ఆ రోగం లేదు. మోటారు చెప్పాపెట్టకుండా ఆగిపోయేది, అదీ రోజూ. మొదట్లో ఆగినప్పుడల్లా ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్ళు, నాన్న తలుపులోకి వచ్చి తువ్వాలు దులిపేవారు. కొన్నాళ్ళకి ఆయనకే విసుగొచ్చింది. "కరెంటు పోయినప్పుడల్లా ఇలా దులుపుతూ పోతే తువ్వాలు చిరిగిపోతుంది, నా భుజం ఊడిపోతుంది" అన్నారు నవ్వుతూ. అందరూ నవ్వారు. ఆ తరవాత ఆయన రావడం మానేశారు.

అలా ఆ నిశ్శబ్దం మెల్లగా తీరికగా మారిపోయింది. కరెంటు పోయిందంటే చేటలు పట్టుకుని, దువ్వెనలు పట్టుకుని అందరూ వరండాల్లోకి వచ్చేసేవాళ్ళు. అరవకుండా మాట్లాడుకోవడం అంటే ఏమిటో మా వరస ఇళ్ళకి అప్పుడే తెలిసింది. మా అమ్మ అంత వాగుడుకాయ అని నాకూ అప్పుడే తెలిసింది. పక్కింటి వెంకాయమ్మ పిన్ని మనుషుల్ని అనుకరించడంలో దిట్ట. షావుకారు గారి భార్య మెట్లు దిగే తీరు, గుమాస్తా గారు ముక్కుపొడుం పీల్చే తీరు చేసి చూపిస్తుంటే పొట్టలు చెక్కలయ్యేవి. కరెంటు ఎప్పుడు పోతుందా అని పిల్లలం ఎదురుచూసేవాళ్ళం. మిల్లు ఆగితే నాకు భయం వేయని కాలం నా జీవితంలో అదొక్కటే.

దాళ్వా, అంటే రెండో పంట ధాన్యం ఆడే రోజులు. బాగా ఎండగా ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మిల్లు ఆగింది. గంట లేదు. "పోయింది" అంది వెంకాయమ్మ పిన్ని, పోవాల్సింది పోయినట్టు సంతోషంగా. మా ఇళ్ళకి కరెంటు లేదు, లాంతర్లే. కాబట్టి పోయిందో ఉందో చూడటానికి మాకు దీపం లేదు, ఫ్యాను లేదు. చూడాలని కూడా ఎవరికీ తోచలేదు. అవతలివైపు రోడ్డు మీద లారీకి బస్తాలు ఎత్తుతున్న జట్టు వాళ్ళు కూడా కరెంటే పోయిందనుకుని చుట్టలు వెలిగించుకున్నారట. పిన్ని కొంగు నడుముకి బిగించి షావుకారు గారి భార్యలా నడవడం మొదలుపెట్టింది. నేను నేల మీద పడి దొర్లి దొర్లి నవ్వాను. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతోంది.

ఉన్నట్టుండి అమ్మ నవ్వు ఆగిపోయింది. చెయ్యెత్తింది. ఆ చెయ్యి చూసి అందరూ ఆగారు. పిన్ని ఒక కాలు ముందుకి వేసి, చెయ్యి నడుం మీద పెట్టి, అలాగే నిలబడిపోయింది. అప్పుడు మాకు వినిపించింది. రోడ్డుకి అవతల షావుకారు గారి వరండాలో రేడియో మాట్లాడుతోంది. ఎవరో ఆవిడ దబ్బకాయ ఊరగాయకి ఉప్పు ఎంతసేపు ఎండబెట్టాలో తీరికగా చెబుతోంది. ఆ రేడియో ఆ ఇంటి గోడ ప్లగ్గుకి తగిలించి ఉండేది. ఆ మేడకీ మిల్లుకీ ఒకటే లైను.

"కరెంటు పోలేదు" అంది అమ్మ.

గట్టిగా కూడా అనలేదు. ఆ మాట తరవాత మా వరసలోకి పాత నిశ్శబ్దం వచ్చేసింది. అందరం షెడ్డు తలుపు వైపు చూశాం. అక్కడ ఎవరూ లేరు. అమ్మ నన్ను రెక్క పట్టుకుని లేపి పిన్ని చేతుల్లోకి తోసి, "దీన్ని పట్టుకో" అని పరుగెత్తింది. కట్టుబాటు తప్పలేదు. పరుగెత్తింది గాని ఆయన్ని పిలవలేదు. నేను విదిలించుకోబోయాను. పిన్ని నన్ను ఎంత గట్టిగా అదిమి పట్టుకుందంటే ఆవిడ గాజులు నా ఒంట్లో దిగబడ్డాయి. రేడియోలో ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది. మెంతులు దోరగా వేయించుకోవాలంది. ఆ గొంతు ఎవరైనా ఆపేస్తే బాగుండు అనిపించింది, ఎవరూ ఆపలేదు.

నాన్న బెల్టుకి గుగ్గిలం వేస్తుంటే, అదే చొక్కా చెయ్యి పట్టుకుని లాగేసింది. మోటారు ఆపింది ఆయనే, ఎడమ చేత్తో. కుడిచెయ్యి మాత్రం చక్రానికీ బెల్టుకీ మధ్య ఉండిపోయింది. కదిలే వీలు లేక అలాగే నిలబడి ఉన్నారు. అమ్మ లోపలినించి వేసిన కేకకి జట్టు వాళ్ళు పరుగెత్తుకొచ్చి బెల్టు తప్పించి, గోనెపట్టా మీద బయటికి తెచ్చారు. ఆ చేతికి చుట్టిన తువ్వాలు ఏ రంగుదో తెలియడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నావైపు చూశారు. పెదవులు బిగించి ఉన్నాయి. మూలుగు లేదు, మాట లేదు. మాట్లాడని మనిషి చచ్చిపోతున్నాడనే నేననుకున్నాను. అప్పుడు నేనేం చేశానో నాకు గుర్తు లేదు. రోడ్డు మీది ఆ లారీలోనే బస్తాల మీద పడుకోబెట్టి ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపోయారు. మోచేతి దాకా తీసేశారు.

మర్నాడు పొద్దున్న మిల్లు మళ్ళీ ఆడింది. ఎవరో కొత్త మనిషిని పెట్టారు. నేను పిన్ని ఇంట్లో పడుకుని ఉన్నాను. అదే గోడ, అదే రొద, చెంబులో నీళ్ళు మామూలుగానే వణుకుతున్నాయి. నాన్న బాగున్నారని ఇన్నేళ్ళుగా చెప్పిన చప్పుడు, నాన్న ఏలూరులో బతుకుతారో లేదో తెలియని రోజు కూడా అదే మాట చెబుతోంది. నేను చెవులు మూసుకుని మంచం కిందకి దూరిపోయాను. ఇక ఏ చప్పుడునీ నమ్మకూడదని ఆ వయసులోనే నాకు అర్థమయింది. కానీ ఏదో ఒక చప్పుడు లేకుండా ఉండటం కూడా నాకు చేతకాలేదు.

ఒంటిచేతి డ్రైవరుతో మిల్లుకి పని లేదు. మా మావయ్య, అంటే అమ్మకి అన్నయ్య, కొల్లేటి పక్క ఊళ్ళో ఉండేవారు. అక్కడికి వెళ్ళిపోయాం. భీమడోలులో రైలు దిగి, బస్సెక్కి, ఆ పైన గట్టు వెంట నడవాలి. ఎటు చూసినా నీళ్ళు, కిక్కిస గడ్డి దుబ్బులు, పైన బోలెడంత ఆకాశం. అందరూ అక్కడ ప్రాణానికి హాయిగా ఉంటుందంటారు. నాకు ప్రాణం పోయినట్టుండేది. అక్కడ పిట్టలు అరుస్తాయి, కప్పలు అరుస్తాయి, పడవ గెడకి నీళ్ళు చప్పుడు చేస్తాయి, కానీ మిల్లు చెవులకి అవి చప్పుళ్ళ కింద లెక్క కావు. మా అత్త పక్కనే నిలబడి మాట్లాడితే వినిపించేది కాదు. గోడకి చెవి ఆనిస్తే అవతల ఏమీ లేదు. నాన్న ఇంట్లోంచి బయటికి అడుగుపెడితే ఆయన ఉన్నారో లేదో చెప్పేది ఏదీ లేదు. ఆయన ఎక్కడికి వెళ్తే అక్కడికి వెనకే వెళ్ళేదాన్ని. చివరికి దొడ్డికి వెళ్ళినా దూరంగా నిలబడేదాన్ని. అమ్మ తిట్టేది, అత్త నవ్వేది. నాన్న మాత్రం అడుగు నెమ్మది చేసేవారు.

చేపల చెరువు మీద ఆయనకి కాపలా పని దొరికింది. నీటికాకులు వచ్చి చేపల్ని మింగేయకుండా గట్టు మీద తిరుగుతూ రేకు డబ్బా వాయించాలి. ఎడమ చేత్తో కర్ర పట్టుకుని, మెడలో వేలాడేసిన డబ్బా మీద వాయించేవారు. ఆ డబ్బా చప్పుడు మా బడి దాకా వినిపించేది. వినిపిస్తున్నంత సేపూ నేను ఎక్కాలు చదివేదాన్ని. ఆగితే ఎక్కం మర్చిపోయేదాన్ని. ఒకరోజు చెరువు ఆసామి వచ్చి, "ఏవయ్యా అబ్రహాం, ఒక్క పిట్ట లేదు కదా, ఎవరికోసం వాయిస్తున్నావు?" అని అడిగాడు. నేను గట్టు దిగువన అన్నం క్యారియరు పట్టుకుని ఉన్నాను. నాన్న నావైపు చూడకుండా, "ఎడమ చేతికి అలవాటు కావాలి కదండీ" అన్నారు. అలవాటయ్యాక కూడా ఆయన ఆపలేదు. నేను బడి నించి వచ్చే దాకా వాయిస్తూనే ఉండేవారు. నన్ను కూర్చోబెట్టి భయపడకమ్మా అని ఒక్క మాట చెప్పిన మనిషి కాదు.

ఇప్పుడు ఆ మిల్లు ఉన్న చోట ఏదో ఫంక్షన్ హాలు ఉందట. నేను చూడలేదు, చూడాలని లేదు. ఏలూరులో మా అపార్టుమెంటులో కరెంటు పోతే కన్ను మూసి తెరిచేలోగా ఇన్వర్టరు అందుకుంటుంది. ఏదీ ఆగదు, ఎవరూ గుమ్మంలోకి రారు. ఎదురింట్లో మనిషి ఉన్నాడో పోయాడో వారానికి గాని తెలియదు. మా కోడలు మౌన శిబిరానికి వెళ్ళొచ్చింది. కొన్నాళ్ళు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకూడదట, ఫోను ముట్టుకోకూడదట. తిరిగొచ్చి, "ఎంత బాగుందో అత్తయ్యా, మీరూ ఒకసారి వెళ్ళాలి" అంది. ఆ పిల్ల మొహం నిజంగానే తేటగా ఉంది. నాకు అసూయ వేసింది. భయం లేకుండా మౌనంగా ఉండగలగడం ఎంత భాగ్యమో ఆ పిల్లకి తెలియదు. నేను ఇంట్లో ఒక్కదాన్నీ ఉంటే టీవీ పెట్టుకుంటాను, చూడటానికి కాదు. కుడిచెవి చాలా వరకు పోయిందనీ, ఎడమది కూడా అదే దారిలో ఉందనీ డాక్టరు గారు చెప్పారు. మిషను పెట్టుకుంటే కొన్నాళ్ళు నెట్టుకురావచ్చట. ఆ తరవాత ఏమిటండీ అని అడిగితే ఆయన కాగితాలు సర్దుకున్నారు. స్పాంజి గది నా కోసం ఇంటికే వస్తోందన్నమాట. మా నాన్న చివరి ఏళ్ళన్నీ అందులోనే గడిపారు, నవ్వుతూనే గడిపారు. ఆయనకి ఎలా చేతనయిందో నాకు తెలియదు. నిశ్శబ్దం విలువ గురించి నాకు తెలిసిందల్లా ఆయన నాకు చెప్పిన ఒక్క సంగతే. అది ధైర్యం చెప్పే సంగతి కూడా కాదు.

టీచరు ట్రైనింగుకి ఏలూరు హాస్టలుకి వెళ్ళే ముందురోజు సాయంత్రం నేను గట్టు మీదకి వెళ్ళాను. నాన్న డబ్బా పక్కన పెట్టి కూర్చుని ఉన్నారు. ఆ రోజు గురించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ నా మనసులో అది ముల్లులా ఉండిపోయింది. మేం పగలబడి నవ్వుతుంటే ఆయన లోపల అరిచి ఉంటారు, మా నవ్వుల్లో ఆ కేక వినపడలేదు. అమ్మ కూడా అదే అనుకునేది. అందుకే ఆ తరవాత అమ్మ నవ్వడం తగ్గిపోయింది. అడగకుండా ఊరు వదిలితే ఇక అడగలేననిపించింది. అప్పటికి ఆయనకి బాగా వినపడేది కాదు. కాబట్టి ఎవరితోనూ పైకి అనలేని ఆ మాటని కొల్లేరంతా వినపడేలా అరవాల్సొచ్చింది.

"నాన్నా, ఆ రోజు మీరు పిలిస్తే మాకు వినపడలేదు. మేం నవ్వుతున్నాం" అన్నాను.

ఆయన నా పెదవులనే చూస్తూ విన్నారు. "నేను పిలవలేదమ్మా" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "నొప్పి తెలియలేదా?"

"ఎందుకు తెలియదు."

"మరి?"

"మీ నవ్వులు వినపడుతూనే ఉన్నాయి. అప్పటికి చెవులు ఇంత పోలేదు కదా. అందులో నీ నవ్వు ఆనవాలు పట్టాను. నేను కేకేస్తే అందరికన్నా ముందు నువ్వే వస్తావు. మీ అమ్మ కన్నా ముందొస్తావు. వచ్చి ఏం చేస్తావు? ఆ మిల్లులో నీకు చేతనైన పని ఒక్కటే."

ఆ పని ఏమిటో గుర్తురావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. మోటారు వచ్చాక రోజూ పొద్దున్న, అమ్మకి తెలియకుండా, షావుకారు గారికి అసలే తెలియకుండా, నాన్న నన్ను ఎత్తుకుని గోడకున్న స్టార్టరు పెట్టె దగ్గరికి తీసుకెళ్ళేవారు. అందులో ఎర్ర బటను, పచ్చ బటను ఉండేవి. పచ్చది నేను నొక్కేదాన్ని, కొన్నాళ్ళకి మునివేళ్ళ మీద నిలబడితే నాకే అందేది. నా వేలి కింద మిల్లు మొత్తం లేచేది. అంత గర్వం నాకు మళ్ళీ దేనికీ కలగలేదు.

"భయం వేస్తే పిల్లలు తెలిసిన పనే చేస్తారమ్మా" అన్నారు నాన్న. "చెయ్యి బెల్టులోనే ఉంది. అందుకని పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాను. జట్టు వాళ్ళు ఎలాగూ వస్తారు కదా అని."

"నేను నొక్కేదాన్ని కాదు నాన్నా" అని అరిచాను.

"అవునులే" అన్నారు. నా మాట నమ్మారని చెప్పడానికి తల కూడా ఊపారు. తరవాత లేచి, చీకటి పడకముందే ఇంటికి వెళ్దామన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. చెవుల్లో చప్పుళ్ళు ఒక్కొక్కటీ తగ్గుతున్నకొద్దీ నేను ఆ షెడ్డులోకి మళ్ళీ మళ్ళీ పరుగెత్తుతున్నాను. ఎండలోంచి చీకట్లోకి వస్తాను. నాన్న మొహం చూస్తాను. మిల్లు ఆగి ఉంటుంది. ఆగడమే ప్రమాదమని పుట్టినప్పటినించీ నేర్చుకున్న పిల్లని, ఆడుతుంటే నాన్న బాగుంటారని గోడకి చెవి ఆనించి నేర్చుకున్న పిల్లని. ఆయన్ని బాగుచెయ్యాలంటే దాన్ని ఆడించాలి కదా. వద్దని ఆయన అరిచి చెప్పినా నాకు వినపడేది కాదు.

నొక్కేదాన్ని.